ఆరో ప్రశ్న

వైజాగ్ ఓడ దీవికి వచ్చిన మర్నాడు జంగ్లీఘాట్‌లో ప్రతి ఇంటికీ ఏదో ఒక మూట చేరుతుంది. ఎండు రొయ్యలు, అప్పడాలు, శుభలేఖలు, ఎవరి చెల్లెలో పెట్టిన పచ్చడి. ఆ మంగళవారం పొద్దున్న ఆరున్నరకి, ఆ ఓడలోనే వచ్చిన గణపతి గుమ్మం ముందు నిలబడి కేకేసే సరికి కళ్యాణి పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి చట్నీకి కొబ్బరి తురుముతోంది. అప్పటికే ఎండ వాకిట్లో సగం దాకా వచ్చేసింది.

"దీదీ, పెద్దమ్మ లేదా? వైజాగ్‌లో మహాలక్ష్మమ్మగారు ఇచ్చారు. అక్క చేతికే ఇమ్మన్నారు గానీ, నాకు డ్యూటీ టైమ్ అయిపోతోంది."

"చేపల జెట్టీకి వెళ్ళింది భయ్యా. ఇలా ఇయ్యి. టీ తాగి వెళ్ళు."

"బాద్ మే, దీదీ, తర్వాత తాగుతాను," అంటూ గణపతి మూట గుమ్మంలో దించి స్కూటరెక్కాడు.

మహాలక్ష్మమ్మ కళ్యాణి అత్తగారికి సొంత చెల్లెలు. ప్రతి ఓడకీ ఏదో ఒకటి పంపుతూనే ఉంటుంది. ఈసారి ఆవకాయ సీసా మూత వదులై నూనె మూటంతా పారింది. తుడుద్దామని కళ్యాణి ఒక్కొక్కటే బయటపెడుతుంటే, అడుగున ప్లాస్టిక్ కవరు చుట్టిన పొట్లం చేతికి తగిలింది. అందులో మాత్రల అట్టలు, మడతపెట్టిన ఒక చీటీ ఉన్నాయి. చీటీ మీద అత్తగారి పేరు, గవరమ్మ. వయసు అరవై. తేదీ కిందటేడాది ఫిబ్రవరిది.

చివర డాక్టరు రాసిన మాట కళ్యాణి రెండుసార్లు చదివింది. యాంజియోగ్రామ్ వెంటనే చేయించాలి. ఆ చిన్న మాత్రలు దేనికో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుండెలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే ఆ మాత్రల్ని ఆమె తండ్రి ఎనిమిదేళ్ళు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు.

కిందటేడాది ఫిబ్రవరిలో అత్తగారు చెల్లెలి ఇంట్లో పెళ్ళికని వైజాగ్ వెళ్ళింది. పది రోజులన్నది నెల్లాళ్ళుండి, మొహం వాడిపోయి తిరిగొచ్చింది. 'తిండి పడలేదు' అంది. అందరూ నమ్మారు.

శనివారం ఆవిడ కౌలాలంపూర్ విమానం ఎక్కాలి. అక్కడికి దగ్గర్లోని ఓడరేవులో అల్లుడు సాయి ఉద్యోగం. కూతురు శ్రావణికి ఇది తొలి కాన్పు, ఇంకో నాలుగు వారాలు ఉంది. ఊళ్ళో మిడిల్ పాయింట్‌లో కళ్యాణి పనిచేసే ట్రావెల్స్ ఆఫీసులోనే టికెట్టు తీశారు. మిగిలింది ప్రయాణ బీమా ఒక్కటే. పైదేశంలో ఆసుపత్రి పాలైతే ఆదుకునే కాగితం అది. ఆ ఫారం ఇవాళ నింపుతానని కళ్యాణి రాత్రే సంచిలో తెచ్చి పెట్టుకుంది.

గవరమ్మ ఖాళీ గంపతో లోపలికి వచ్చింది. నడక వేగంగానే ఉంది గానీ, మెట్టెక్కాక ద్వారబంధం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. రోజూ అలాగే ఆగేదా? కళ్యాణికి గుర్తు రాలేదు.

"ఏటలా చూస్తున్నావు? ఇడ్లీ మాడిపోద్ది, చూసుకో."

పొట్లం సంగతి కళ్యాణి ఎత్తలేదు. అత్తగారే చెప్పాలని ఆమెకి ఉంది.

టిఫిన్లయ్యాక అందరూ ముందు గదిలో చేరారు. మామగారు మల్లేశు నేల మీద కూర్చుని చిక్కుపడ్డ గాలం తాడు విడదీస్తున్నాడు. మోకాళ్ళు అరిగి వేట మానేసి నాలుగేళ్ళైనా, చేతులు ఊరుకోవు. కళ్యాణి భర్త మణికుమార్ ఆఫీసుకి తయారై ఫోను చూసుకుంటున్నాడు. కళ్యాణి బీమా ఫారం తీసి మొదటి ప్రశ్న అడిగింది.

"మళ్ళీ పేరెందుకే? పాస్‌పోర్టులో ఉంది కదా," అంది గవరమ్మ.

"బీమా వాళ్ళు వేరేగా అడుగుతారత్తా."

"మద్రాసంత దూరమే కదా అది. మద్రాసెళ్తే ఒక్కడూ ఏ కాగితం అడగడు. దీనికేటి ఇన్ని ప్రశ్నలు? పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు."

"అడిగితే నిన్ను చేసుకునేవాణ్ణా?" అన్నాడు మల్లేశు తలెత్తకుండా. మణికుమార్ ఫక్కున నవ్వాడు.

కళ్యాణి నవ్వలేదు. ఐదు ప్రశ్నలు గడిచాయి. ఆరోది మెల్లగా, తెలుగులో చెప్పింది.

"గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు. వీటికి సంబంధించిన జబ్బేదైనా ఉందా? మందులు వాడుతున్నారా?"

"లేదు. రాయి."

"ఆలోచించి చెప్పత్తా."

"ఆలోచించడానికేముంది? లేదంటే లేదు."

"క్యా కళ్యాణీ, టైమ్ పాస్ చేస్తున్నావు!" అన్నాడు మణికుమార్. "చేపల గంప ఎత్తుకుని ఘాటీ, ఆ కొండ ఎత్తంతా ఎక్కుతుంది మా అమ్మ. ఠీక్ హై, లేదని టిక్ పెట్టెయ్."

కళ్యాణి పెన్ను కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి పొట్లం తెచ్చి ఫారం పక్కన పెట్టింది. గవరమ్మ మొహంలో రంగు పోయింది. చీటీ ముందుగా మణికుమార్ చేతికి అందింది.

"అమ్మా, యే క్యా హై?"

"నా మూట నువ్వెందుకు విప్పావు?" గవరమ్మ కొడుకుని చూడలేదు. కోడల్నే చూస్తోంది.

"ఆవకాయ నూనె కారుతుంటే విప్పానత్తా."

"నూనె కారిందంట! నాకు తెలుసే. నా కూతురి పురుటికి నేను వెళ్ళడం నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. టికెట్టు తియ్యమంటే రేటు తగ్గనీ అన్నావు. ఇప్పుడు టికెట్టు తీసేసరికి నా మూటలు వెతుకుతున్నావు."

"నువ్వు వెళ్ళొద్దని నేననలేదు. అబద్ధం రాసి వెళ్ళొద్దంటున్నాను."

"ఒక్క టిక్కే కదా," మణికుమార్ గొంతు పెళుసుగా ఉంది. చీటీ మళ్ళీ మడతపెట్టాడు. "కాన్పు చూసుకుని వచ్చేస్తుంది. ఏమీ అవ్వదు. పెట్టెయ్ కళ్యాణీ."

"పెట్టను."

"అంత పట్టుదలేంటి? నీ సొమ్మేం పోతుంది?"

కళ్యాణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. మూడు నెలలుగా లోపలే దాచుకున్న సంగతి ఒకటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"డిగ్లీపూర్ నుంచి జోగులు గారని ఒక రైతు వచ్చారు. ఊళ్ళో పదిమందితో కలిసి థాయ్‌లాండ్ టూరు. పన్నెండు గంటలు బస్సులో కూర్చుని, ఫారం కోసమే మా ఆఫీసుకి వచ్చారాయన. సుగర్ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా అనడిగాను. 'ఏమీ లేదని రాసెయ్ తల్లీ, బస్సుకి టైమవుతోంది' అన్నారు. చేతిలో సంచీలోంచి సుగర్ బిళ్ళల అట్ట పైకి కనబడుతూనే ఉంది. నేను చూశాను. చూసి కూడా లేదని రాశాను."

మణికుమార్ చీటీని ఫారం పక్కన పెట్టాడు.

"అక్కడ మూడో రోజు పడిపోయారు. పందొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. జబ్బు దాచారని బీమా కంపెనీ వాళ్ళు పైసా కూడా ఇవ్వం అన్నారు. బిల్లు కట్టేదాకా ఆసుపత్రి వదల్లేదు. వాళ్ళబ్బాయి పొలం అమ్మి తెచ్చుకున్నాడు. బతికే ఉన్నారు, మంచంలో. ఆ అబ్బాయి ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు. 'ఈ టిక్కు మీరు పెట్టిందేనా దీదీ?' అనడిగాడు. అంతే." కళ్యాణి ఫారాన్ని పక్కకి జరిపింది. "ఇంకోసారి ఆ టిక్ పెట్టమంటే నా చెయ్యి రాదు. నీ ఫారం మీద అసలే రాదత్తా."

గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం తగ్గలేదు గానీ, దారి మారింది.

"మీ పుట్టింట్లో ఉద్యోగాలు. మీకు తెలీదు. మా వాళ్ళలో తెప్ప నీళ్ళలోకి తోసేటప్పుడు జబ్బు మాట ఎత్తం. ఎత్తితే అదీ తెప్పెక్కి కూడా వస్తాది. వేటకెళ్ళే మనిషిని ఒంట్లో ఎలాగుందని అడగం. మా అమ్మ అడగలేదు. మా అత్త అడగలేదు. నలభై ఏళ్ళు మీ మావ సముద్రం మీద తిరిగాడు, ఒక్కనాడు నేను అడగలేదు. అందుకే క్షేమంగా తిరిగొచ్చాడు. సముద్రం దాటి కూతురి దగ్గరికి వెళ్తూ, నాకు గుండెజబ్బు ఉందని నా నోటితో చెప్పమంటావేటి?"

మల్లేశు తాడు పక్కన పెట్టాడు.

"గవరా."

ఆయన పేరు పెట్టి పిలవడం పిల్లల ముందు ఎప్పుడూ లేదు.

"వండూర్‌లో పడవ ఉన్న రోజుల్లో ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వెళ్ళాను. నీకు తెలుసా?"

"తెలుసు," అంది గవరమ్మ నెమ్మదిగా. "చెయ్యి తగిలింది."

"రెండు రాత్రులు పడవ అడుగున పడుకున్నాను. వాంతులు. పక్కన జనాలున్నారు, నీళ్ళిచ్చారు. నాకు ఒకటే అనిపించింది. బయల్దేరే పొద్దున్న గవర ఒక్క మాట అడిగుంటే ఆగిపోయేవాణ్ణి కదా అని." మల్లేశు అరచేతుల కాయల కేసి చూసుకున్నాడు. "నేను తిరిగొచ్చింది నువ్వు అడగనందుకు కాదే. గాలి బాగుండి వచ్చాను. ఏడాది దాటి నువ్వు నా పక్కన పడుకుని నొప్పి దిగమింగుకుంటున్నావు. నేనూ అడగలేదు. ఆ తప్పు ఇద్దరిదీ."

గవరమ్మ కూలబడినట్టు గోడకి జారబడింది. ఏడుపు వచ్చింది గానీ చప్పుడు రాలేదు. కళ్యాణి లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ కాళ్ళ మీద చెయ్యి వేసింది. గవరమ్మ ఆ చెయ్యి తొయ్యలేదు.

"ఇప్పుడెలాగుంది? నిజం చెప్పమ్మా," అన్నాడు మణికుమార్ ఎదురుగా గొంతుక్కూర్చుని.

"ఘాటీ ఎక్కితే పట్టేస్తాది. రాత్రి ఎడమ వైపు పడుకోలేను. ఈ నెల్లో నాలుగు మాత్రలు నాలుక కింద పెట్టుకున్నాను." చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ ఆగలేదు. "వైజాగ్‌లో ఆ పరీక్ష చేసుకోమన్నారు. చేసుకుంటే మంచాన పడేస్తారని వచ్చేశాను. శ్రావణికి నెల తప్పిందని తెలిశాక, బిడ్డని చూసొచ్చి చేయించుకుందాంలే అనుకున్నాను."

"ముందు పరీక్ష. తర్వాత డాక్టరు వెళ్ళమంటే, ఉన్నది ఉన్నట్టు రాసి వేరే పాలసీ తీసుకుందాం," అంది కళ్యాణి. "గుండె సంగతి వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఏది దొరుకుతుందో ఏది దొరకదో తెలిసి వెళ్తావు."

"శనివారం?"

కళ్యాణి అడ్డంగా తలూపింది. గవరమ్మకి అర్థమైంది. కొంగుతో మొహం తుడుచుకుని, తనే ఫోను అడిగింది.

శ్రావణి మొహం తెరమీద ఉబ్బి కనిపించింది. "అమ్మా! సామాను సర్దేశావా? చింతపండు మర్చిపోకు."

"శ్రావణీ, నాకు గుండెల్లో నొప్పి వస్తోందే. ఏడాదైంది. నీకు చెప్పలేదు. శనివారం నేను రాలేను."

పెద్దగా ఏడుస్తుందనుకున్నారు అందరూ. శ్రావణి పెదవి కొరుక్కుంటూ కెమెరా పక్కకి చూసింది.

"అమ్మా, నేనూ ఒకటి చెప్పలేదు. నువ్వు ప్రయాణంలో ఉండగా ఎందుకని."

"ఏటే?"

"బీపీ బాగా పెరిగింది. కాళ్ళూ మొహం వాచాయి. నాలుగు వారాలు ఆగడం కుదరదంటున్నారు. వచ్చే బుధవారమే ఆపరేషన్ చేస్తారు. సాయి చెబుతానంటే నేనే వద్దన్నాను."

మణికుమార్ నుదురు కొట్టుకున్నాడు. కళ్యాణి ఫోను వైపు వంగింది. కళ్ళు తుడుచుకుంటూనే అంది, "అచ్చం మీ అమ్మ బుద్ధే! ఎక్కడికీ పోలేదు."

"వదినా, తిట్టకు," అంది శ్రావణి. నవ్వబోయి ఏడ్చింది. "నాకు భయంగా ఉంది వదినా."

ఆ మాట విని గవరమ్మ కూతుర్నీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. గోడ ఆసరాతో నిలబడింది.

"ఏడవకు. మీ వదిన వస్తాది."

కళ్యాణి ఉలిక్కిపడింది. "నేనా?"

"నీకు పాస్‌పోర్టు ఉంది. ఆఫీసు వాళ్ళు ఒకసారి కౌలాలంపూర్ తీసుకెళ్ళారు కదా. ఆ ఊరి దారీ తెలుసు, ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడ్డం తెలుసు. నాకు ఇవేవీ తెలీవు."

"పసిబిడ్డని ఎత్తుకోవడం కూడా రాదత్తా నాకు!"

"ఎత్తుకుంటే అదే వస్తాది. మణీ, దీనికి టికెట్టు తియ్యి. నేను మీ నాన్నతో ఆసుపత్రికెళ్ళి ఆ పరీక్షేదో చేయించుకుంటాను. బాగుందంటే, ఉన్నదంతా రాయించుకుని తర్వాత వస్తాను. లేకపోతే కళ్యాణీ, నువ్వే నా మనవణ్ణో మనవరాల్నో నాకు తెచ్చి చూపించాలి."

"నన్ను పంపిస్తావా? ఇందాకే కదా నీ కూతురి పురుటికి నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదన్నావు."

గవరమ్మ కోడలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. చేపల వాసన ఇంకా పోని చేతులు. "అన్నాను. నోటికొచ్చింది అన్నాను. వెళ్తావా, తల్లీ?"

కళ్యాణి తలూపింది.

"అయితే కూర్చో. ఏమేం చెయ్యాలో చెప్తాను, రాసుకో. అక్కడ ఫోనులో నేను చెప్పేది నీకు వినబడుద్దో లేదో."

దగ్గర్లో వేరే కాగితం లేదు. కళ్యాణి ఆ ఫారాన్నే తిరగేసి, ఖాళీ వైపు మోకాలి మీద పెట్టుకుంది. స్నానం, నూనె, బొడ్డు, సాంబ్రాణి అని అత్తగారు మొదలుపెడుతుందనుకుంది. గవరమ్మ వాటి మాటే ఎత్తలేదు.

"ముందు ఇది రాసుకో. పొద్దున్న లేవగానే శ్రావణిని నొప్పిగా ఉందా అనడుగు. లేదంటాది." ఆవిడ కాగితం మీద వేలితో తట్టింది. "మళ్ళీ అడుగు."