చిమ్మని నెత్తురు

ఫెతూ గొంతు ఎడమ చెవి కింది నుంచి గుటకముడి దాకా తెగి ఉంది.

శుక్రవారం తెల్లవారుజామున 5.40కి, కొబ్బరి ఎండబెట్టే కొట్టం తలుపు తీసిన పనివాడికి మొదట కనిపించినవి ఆమె పాదాలు. తరువాత కత్తి. పిడికి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికత్తి. అది ఎవరిదో సవాయీ ద్వీపపు ఆ తీరాన పసివాడైనా చెప్పగలడు.

ఇయోపుది.

ఇయోపు ఇరవై ఆరేళ్ల కొబ్బరికూలీ. ఫెతూ ఇరవై ఒక్క ఏళ్ల నర్సింగ్ విద్యార్థిని. సెలవులకు తల్లితో కలిసి మేనమామ తోలోవా ఇంట ఉంటున్నది. గురువారం సాయంత్రం వాలీబాల్ కోర్టులో ఆమె అందరి ఎదుట ఇయోపును కాదన్నది. "నీ పొగరు దించకపోతే చూడు" అని అతడు అరిచాడు. ఊరంతా విన్నది.

శవం దొరికిన గంటలోనే ఊరి కుర్రకారు అతణ్ణి పట్టుకున్నది. పడవ తెడ్లతో కొట్టారు. దవడ విరిగింది. ఒక కన్ను మూసుకుపోయింది. పోలీసులు అడ్డుపడకపోతే ఆ పూటే రెండో శవం లేచేది.

ఇన్‌స్పెక్టర్ మతలేనా రాజధాని ఆపియా నుంచి మధ్యాహ్నపు పడవలో దిగింది. యాభై నాలుగేళ్ల మనిషి. పోలీసుల్లో చేరకముందు రెండేళ్లు నర్సింగ్ చదివింది. కాన్‌స్టేబుల్ వైలి ఆమెను నేరుగా కొట్టానికి తీసుకెళ్లాడు.

"కత్తి వాడిది, బెదిరించిన నోరు వాడిది. ఇంకేం కావాలి మేడమ్?"

"రాత్రిళ్లు కత్తి ఎక్కడ పెడతాడు?"

"ఇక్కడే, ఈ చూర్లో గుచ్చి పోతాడు."

"ఆ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"ఊళ్లో కుక్కలక్కూడా తెలుసు."

"అయితే కుక్కలతో సహా అందరూ అనుమానితులే. వాడు ఒప్పుకున్నాడా?"

"దవడ విరిగినోడు ఏం ఒప్పుకుంటాడు మేడమ్?"

మతలేనా నేలమీద కూర్చుంది. తల ఉన్నచోట పళ్లెమంత మరక. అంతే. ఆ మరకకు మూరెడు దూరంలో ఎండుకొబ్బరి ముక్కలు పరచి ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నీ తెల్లగా ఉన్నాయి. తాటాకు గోడను చూసింది. వాసాలను చూసింది. ఒక్క చుక్క లేదు.

"ఎవరైనా కడిగారా?"

"లేదు మేడమ్. పొద్దుట్నుంచీ నేనే కాపలా."

"డాక్టర్ ఏమన్నాడు?"

"గొంతు చూశాడు, కత్తిపోటని రాశాడు. అంతకంటే చూడ్డానికేముంది? పిల్లని కొయ్యద్దని వాళ్లమ్మ కాళ్లావేళ్లా పడింది. రేపు పన్నెండింటికి ఖననం. ఇంటి ముందే గొయ్యి. సిమెంటు కూడా వచ్చేసింది."

మతలేనా లేచి బయటికి నడిచింది. సమాధిమీద సిమెంటు ఆరిపోతే ఆ పిల్ల సాక్ష్యం ఆరిపోతుంది. ఇయోపు బతుకు కటకటాల వెనక తెల్లవారుతుంది.

*

శనివారం వేకువన ఇయోపు కుటుంబం ఇఫోగాకు వచ్చింది.

తోలోవా ఇంటి ముంగిట, తవ్విన గోతికి పది అడుగుల దూరంలో, పన్నెండుమంది మోకాళ్లమీద వంగారు. వాళ్లమీద సన్నని నేత చాప ఒకటి కప్పి ఉంది. మావాడు మీ బిడ్డను చంపాడు, మమ్మల్ని చంపుతారో క్షమిస్తారో మీ దయ, అని దాని భావం. చాప ఎత్తితే క్షమించినట్లు. ఎత్తకపోతే కత్తులు రావచ్చు, ఇల్లు తగలబడవచ్చు. నెత్తురు బాకీ ఉన్న చోట మధ్యాహ్నం దాకా ఎండలో మగ్గబెట్టడం కద్దు. సొమ్మసిల్లి పడినా ఎత్తని ఇళ్లను మతలేనా ఎరుగును.

తోలోవా మాత్రం సూర్యుడు కొబ్బరిచెట్ల మీదికి రాకముందే చాప ఎత్తాడు.

అతడు ఆ ఊరి వక్త, ఊరి తరఫున మాట్లాడే పెద్ద. పదవీ, ఆ పేరూ తాతలనాటివి. బయట నిలబడి మాట్లాడేటప్పుడు వక్త భుజాన నారవింజామర ఉంటుంది, కుడిచేతిలో నిలువెత్తు దండం ఉంటుంది. ఆ రోజు తోలోవా గొప్పగా మాట్లాడాడు. క్రీస్తు క్షమించాడు గనుక తానూ క్షమిస్తున్నానన్నాడు. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు.

మతలేనా అతని కుడిచేతిని చూస్తున్నది. ఆ చెయ్యి ఖాళీగా ఉంది.

"దండం ఏది?" అని పక్కనున్న వైలిని అడిగింది.

"దుఃఖంలో మర్చిపోయుంటాడు మేడమ్."

"ముప్పై ఏళ్లుగా వక్త. లుంగీ అయినా మర్చిపోతాడు గాని దండం మర్చిపోడు."

చాపకింది నుంచి లేచిన ఇయోపు తల్లిని ఆమె చాటుకు పిలిచింది.

"అమ్మా, చంపానని నీ కొడుకు చెప్పాడా?"

"వాణ్ణి ఎవరడిగారండీ? మా పెద్దాయన వంగమన్నాడు, వంగాం. వంగకపోతే ఇల్లు కాలుస్తారు. లోపల చిన్నపిల్లలున్నారు."

"నువ్వు వంగింది చూసి, నేరం ఒప్పుకున్నట్లే అని కోర్టులో అంటారు. తెలుసా?"

"అయితే నా బిడ్డను నేనే జైల్లోకి తోశానా?" అన్నది.

*

9.15 పడవలో నర్సింగ్ కాలేజీ పిల్లలు వచ్చారు. ఎనిమిదిమంది. తెల్ల యూనిఫారాలు, చేతుల్లో పూలు. రేవులో అందరికంటె ముందు దిగిన పిల్ల పేరు లాగీ, హాస్టల్లో ఫెతూతో ఒకే గదిలో ఉండేది.

"ఆమెకు జబ్బేమైనా ఉందా?" అని మతలేనా అడిగింది.

లాగీ వింతగా చూసింది. "మీకు చెప్పలేదా మేడమ్? దాని గుండెలో లోహపు కవాటం ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లజ్వరం వచ్చి గుండెకు పాకింది. పదమూడో ఏట న్యూజిలాండ్‌లో వేశారు. రాత్రిళ్లు టిక్ టిక్ మని వినిపించేది. గదిలోకి గడియారం వద్దు, పక్కన ఇదుంది చాలు అనేవాళ్లం. 'నాకు కీ ఇవ్వక్కర్లేదు, అన్నం పెడితే చాలు' అనేది." ఆ పిల్ల ఏడ్చింది.

"మాత్రలు?"

"వార్ఫరిన్. రోజూ. రక్తం పలచబడ్డానికి."

మతలేనా గడియారం చూసుకుంది. పిల్లలు వెంటరాగా వేగంగా నడిచింది.

*

తోలోవా ఇంటికి గోడలు లేవు. స్తంభాల మధ్య పెట్టె. పెట్టెనిండా చాపలు. మెడ దాకా తెల్లగుడ్డ. చుట్టూ ఊరిపెద్దలు కాళ్లు మడిచి కూర్చున్నారు. తలాపున తల్లి సియాలె. పాదాల దగ్గర తోలోవా భార్య లూపె. ఆమె ఎడమ మణికట్టుకు చెక్కబద్ద వేసి కట్టు కట్టి ఉంది. శుభ్రమైన కట్టు. మడత మీద మడత, ఒక్కచోట వదులు లేదు.

"చెయ్యేమైంది లూపమ్మా?"

"జారి పడ్డాను" అన్నది లూపె, తల ఎత్తకుండా.

"కట్టిందెవరు?"

లూపె పెదవులు కదిలాయి. తోలోవా అందుకున్నాడు. "ఇన్‌స్పెక్టరమ్మా, ఫాదరు వచ్చే వేళయింది. ఆడవాళ్ల కట్లూ గాయాలూ తర్వాత చూసుకో."

"పిల్లకు స్నానం చేయించిందెవరు?"

"నా భార్యే. తల్లి చూడగలిగే గొంతా అది?"

"ఒంటిచేత్తోనా? మరొక మనిషిని రానివ్వలేదా?"

మతలేనా పెట్టె పక్కన నిలబడింది.

"లాగీ, ఇలా రా. పరీక్షలో అడిగినట్లే అడుగుతాను. మెడలో పెద్ద ధమని తెగితే ఏమవుతుంది?"

"రక్తం చిమ్ముతుంది మేడమ్. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక్కొక్క చిమ్ము."

"ఎంత దూరం?"

"గోడల దాకా. పైకప్పు దాకా పోవచ్చు."

"రక్తం పలచబడే మాత్ర వేసుకునే మనిషికి?"

"గడ్డ కట్టదు. ఇంకా ఎక్కువ పోతుంది."

"మరకేమో పళ్లెమంత. మూరెడు దూరంలో కొబ్బరి తెల్లగా ఉంది. ఎప్పుడు అలా ఉంటుంది?"

లాగీ పెట్టెవైపు తిరిగింది. వెనకనున్న ఇంకొక పిల్ల మెల్లగా చెప్పింది: "గుండె ఆగిపోయాక కోస్తే. తోసే గుండె లేకపోతే రక్తం చిమ్మదు. ఊరికే కారుతుంది."

పెద్దలలో గుసగుస లేచింది.

"విన్నారుగా. కత్తి పడేటప్పటికే ఈ పిల్ల ప్రాణం లేదు. కత్తి చంపలేదు. ఇయోపు కత్తి చంపిందని మనల్ని నమ్మించడానికి శవాన్ని కోశారు. సియాలె, నీ బిడ్డ ఒళ్లు చూడాలి. నీ అనుమతి కావాలి."

"కుదరదు" అన్నాడు తోలోవా. "క్షమించేశాం. అయిపోయింది. నా ఇంట్లో శవాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు."

సియాలె లేచి నిలబడింది. "చూడనీ అన్నయ్యా" అన్నది.

ఆ దీవుల్లో చెల్లెలి మాట తోసిపుచ్చే అన్నకు పెద్దల మధ్య చోటుండదు. తోలోవా పక్కకు తప్పుకున్నాడు.

నర్సింగ్ పిల్లలు నాలుగు చాపలు నిలువుగా పట్టుకుని పెట్టె చుట్టూ తెరగట్టారు. తెరలోపలికి తల్లి, మతలేనా, లాగీ. బయటివాళ్లకు మాట మాత్రమే వినిపించింది.

"పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది మేడమ్. ఎడమ డొక్క మొత్తం నల్లగా కమిలింది. నడుం దాకా పాకింది."

"మధ్యలో?"

"రెండు గీతలు. సమాంతరంగా. మధ్యలో పట్టీ పాలిపోయి ఉంది."

"దేనితో కొడితే అలా పడుతుంది?"

"కర్రతో. కర్ర కిందున్న రక్తం రెండు పక్కలకీ తోసుకుపోతుంది, అంచుల్లో నాళాలు చిట్లుతాయి. పక్కటెముకల కింద ప్లీహం ఉంటుంది. అది పగిలితే దీని రక్తం ఆగదు." చాపలు కదిలిన చప్పుడైంది. "మేడమ్, దీని వీపు కింద చాపల్లో ఏదో గట్టిగా తగులుతోంది."

తెర దిగింది. మతలేనా చేతుల్లో రెండు కర్రముక్కలు ఉన్నాయి. చెమటకూ చేతులకూ నున్నబడిన పాతకర్ర, మధ్యకు విరిగింది. పెద్దలందరికీ అది తెలుసు. దాని ముందు వాళ్ల తండ్రులు నోరెత్తలేదు.

"సముద్రంలో పారెయ్యొచ్చు. పొయ్యిలో పెట్టొచ్చు. తోలోవాకు చేతులు రాలేదు" అన్నది మతలేనా. "తాతలు పట్టిన దండం. దాన్ని కాల్చడం మహాపాపం. కుటుంబపు నేలలో మర్యాదగా పాతిపెట్టాలి. అందుకే చాప తొందరగా ఎత్తాడు, అందుకే సిమెంటు సిద్ధం. కర్రకు ఇచ్చిన మర్యాద పిల్లకు ఇవ్వలేదు."

తోలోవా తడబడలేదు. "ఒక్క దెబ్బ. ఈ ఇంట్లో పిల్లలందరినీ అలాగే పెంచాను. ఎవరు చచ్చారు? మేనమామను పోలీసులకు పట్టిస్తానంటే ముద్దు పెట్టుకోమంటావా?"

"ఎందుకు పట్టిస్తానంది?"

ఈసారి లూపె తల ఎత్తింది. కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపింది.

"దీనికోసం. కూర చల్లారిందని ఇరిచాడు. ఫెతూ కట్టు కట్టి, తెల్లారగానే స్టేషన్‌కి పోదాం అత్తా అంది. ఆయన విన్నాడు. సియాలె జాగరణ ప్రార్థనకి గుడికి పోయుంది. దాన్ని కొట్టంలోకి ఈడ్చుకెళ్లి కొట్టాడు. కర్ర విరిగింది. అది చావలేదమ్మా. గోడకానుకుని కూర్చుని, తన నాడి తనే పట్టుకుంది. 'అత్తా, నూటపది. లోపల రక్తం పోతోంది, ఆస్పత్రికి తీసుకెళ్లు' అంది. కాసేపటికి నూటముప్పై అంది. చేతులు చల్లబడ్డాయి. దాహం అంది. నూటయాభై అన్నాక లెక్క తప్పింది. మామయ్యా తప్పు నాదే, బండి తియ్యి అంది. దాని తప్పేం లేదు. బతకడానికి అంది. బండి వాకిట్లోనే ఉంది. ఈయన గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. దాని గుండె చప్పుడు ఆగిందాకా కూర్చుని, అప్పుడు లేచి చూర్లోంచి కత్తి తీశాడు."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంకో చెయ్యి కూడా ఇరుస్తానన్నాడు. భయపడ్డాను. ఆ కుర్రాడు జైలుకి పోతాడని తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నన్నూ తీసుకుపో."

తోలోవా మెల్లగా చెల్లెలి వైపు జరిగి, మోకాళ్లమీద వంగాడు. నుదురు నేలకు ఆనించాడు. "సియాలె, నీ కాళ్లు పట్టుకుంటున్నాను. మనది ఒక్క ఇల్లు. ఇంట్లోదాన్ని ఇంట్లోనే సర్దుకుందాం."

సియాలె అతణ్ణి దాటి నడిచింది. గోతి దగ్గర పారలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్లను చూసింది.

"పారలు దించండి. ఇవాళ పాతిపెట్టం. కొయ్యద్దన్నది నేనే. ఇప్పుడు నేనే చెప్తున్నాను, నా బిడ్డను డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. పొట్ట కోసి చూడమనండి. చూసింది కోర్టులో చెప్పమనండి."

వైలి సంకెళ్లు తీశాడు. వెయ్యకుండా పెద్దలవైపు చూశాడు. వక్తకు సంకెళ్లు వెయ్యడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు.

"వేసెయ్యి" అన్నది మతలేనా. "వేశాక స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. ఇయోపు గది తాళం తీసి, దవడ చూపించడానికి పంపమను. వాళ్లమ్మకు ఆ మాట నేనే చెప్తాను."

సంకెళ్లు పడేముందు లూపె భర్త దగ్గరికి వచ్చింది. అతని ముఖం చూడలేదు. కుడిచేత్తో అతని రొంటిన దోపిన బండితాళం లాగి తీసుకుని, లాగీ చేతిలో పెట్టింది.

"నాకు ఒక్క చెయ్యే" అన్నది. "నువ్వు నడుపు తల్లీ. నేను దాని పక్కన కూర్చుంటాను."