నకలు తియ్యని దిద్దుబాటు

2094 నాటికి విశాఖలో మంగలిషాపులెన్నో జ్ఞాపకాలు దిద్దే కొట్లూ అన్నే. నెత్తిన టోపీ పెడితే చాలు, మనిషి జ్ఞాపకాలన్నీ ఒక ఫైలుగా తెరుచుకుంటాయి. అక్కర్లేని వాక్యాన్ని చిన్న స్క్రిప్టు వెతికి తీసేస్తుంది. నియమం ఒక్కటే: అసలును ముట్టుకోకూడదు. నకలు తీసి, అందులో దిద్ది, రెండూ పోల్చి చూశాకే దాన్ని అసలు స్థానంలో పెట్టాలి. పాతది పక్కన దాచాలి.

ఆ నియమం రాసింది ఇందీవరే. పదకొండేళ్లుగా ఊరందరికీ నేర్పుతున్నదీ ఆవిడే.

మంగళవారం పొద్దున చెల్లెలు మృణ్మయి వచ్చి టోపీ కింద కూర్చుంది. "అక్కా, కుక్క కరిచిన సంగతి తీసెయ్యవే. వీధిలోకెళ్లాలంటే వణుకొస్తోంది."

ఒక్క ముక్కేగా, నకలెందుకు అనుకుంది ఇందీవర. అసలు ఫైలు చదువుతూ అందులోకే రాయమని యంత్రానికి చెప్పింది. అలా రాయమంటే యంత్రం ముందుగా చేసే పని ఆ ఫైలును ఖాళీ చెయ్యడం. అది ఇందీవరకు తెలియనిదేం కాదు.

మృణ్మయి కళ్లు తెరిచి, "మీరెవరండీ?" అంది.

తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇందీవర గంటసేపు గుండెలు బాదుకుని ఏడ్చింది. చివరికి చెల్లెల్ని గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, టోపీ తను పెట్టుకుంది.

"ఇది నేను మొయ్యలేను. నాలోంచి తీసెయ్. జాగ్రత్త, పద్ధతి ప్రకారం చెయ్యి."

"మీ పాత ప్రతులు ఇప్పటికే నాలుగున్నాయి," అంది యంత్రం. "చూస్తారా?"

ఆ టోపీ ఎన్నడూ పెట్టుకోలేదనే ఆవిడ నమ్మకం. వాటిని తెరిచింది. ఒక్కో ప్రతిలో ఆవిడ ఖాళీ చేసేసిన ఒక్కో మనిషి: ఒక లారీ డ్రైవరు, ఒక టీచరమ్మ, ఒక పెళ్లికూతురు. నాలుగోవాడు సుధాంశు, ఇల్లొదిలి పోయాడని ఆరేళ్లుగా ఆవిడ తిట్టుకుంటున్న భర్త. నాలుగింటిలోనూ అదే మాట: ఒక్క ముక్కేగా, నకలెందుకు?

"గుర్తుంచుకుంటే మళ్లీ చెయ్యరు," అంది యంత్రం. "ఇంతకుముందూ ఇదే చెప్పాను."

ఇందీవర నాలుగు ప్రతులూ మూసేసి, "తీసెయ్," అంది.

"చెల్లెలి చోట ఏం రాయను?" అని అడిగింది యంత్రం.

"నాకు చెల్లెలే లేదని రాయి."

కాసేపటికి ఆవిడ టోపీ తీసి, చీర సర్దుకుని బయటికి వచ్చింది. బెంచీ మీద ఎవరో కూర్చుని గోడకేసి చూస్తున్నారు.

"ఎవరమ్మా నువ్వు?"

"తెలియదండీ."

ఇందీవర ప్రాణం ఉసూరుమంది. పక్కన కూర్చుని ఆ పిల్ల తల నిమిరింది.

"ఏ పాపిష్ఠివాళ్లో తల్లీ, నకలు తియ్యకుండా దిద్దారు!"