ఫోన్‌లో లేని బటన్

పాప ఎత్తుకుంటే దిగదు. పడుకోబెడితే లేస్తుంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏడుస్తుంది, భుజాన వేసుకుని నడిస్తే మాత్రం బంగారు తల్లి. అందుకే ఆ ఇంటి కోడలు ఎడం భుజాన బిడ్డతో, కుడిచేతిలో ఫోన్‌తో హాలుకీ వంటగదికీ మధ్య రోజంతా తిరుగుతూనే ఉంటుంది. చూసినవాళ్ళు ఈ కాలం పిల్లలకి ఫోనే లోకమని నిట్టూరుస్తారు. అత్తగారూ మొదట్లో అలాగే అనుకుంది. ఓ రోజు ఆ ఫోన్‌లోంచి వాన, దాని వెనకాల సన్నగా వేణువు వినిపిస్తే, "ఇది నువ్వు చేసిందేనా అమ్మాయ్?" అని అడిగింది. అవునని తెలిశాక గిన్నెలు చప్పుడు కాకుండా కడగడం మొదలుపెట్టింది.

ఈ సంగతి తెలియనిది ఇంట్లో ఆమె భర్త ఒక్కడికే. ఆయన పనిచేసేది సంగీతం చేసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో. కంప్యూటర్‌లో వాడే పెద్దది ఒకటి, ఫోన్‌లో వాడే చిన్నది ఒకటి తయారుచేస్తారు. చిన్నదాంట్లో ఏముండాలో, ఏముండకూడదో తేల్చేవాళ్ళలో ఆయన మాటకు విలువుంది. పెళ్ళయిన కొత్తలో ఓసారి భోంచేస్తూ, "ఫోన్‌లో పాటలు చేసేవాళ్ళు పాటలు చెయ్యరు, కాలక్షేపం చేస్తారు" అని నవ్వాడు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆయన యాప్‌లోనే, ఆయనకు తెలియకుండా పాటలు చేసుకుంటోంది.

ఆ ఉదయం పిల్లల నాటకాలు వేయించే దర్శకురాలి నుంచి సందేశం వచ్చింది. కొత్త నాటకానికి కోడలు పంపిన సంగీతం నచ్చిందట. కాకపోతే వాన వేరుగా, వేణువు వేరుగా, డోలు వేరుగా కావాలట. పాత్రలు మాట్లాడేటప్పుడు మిగతావి ఆపేసి వాన ఒక్కటే వినిపించాలి. మధ్యాహ్నం రిహార్సల్‌లోపు అందకపోతే పాత సంగీతంతోనే కానిచ్చేస్తామని రాసింది.

బయటివాళ్ళు ఆమె సంగీతం కావాలని అడగడం అదే మొదలు. యాప్ అంతా గాలించింది. కలిపి పంపే బటన్ ఉంది గానీ విడివిడిగా పంపేది లేదు.

ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు.

"ఏవండీ, మీ యాప్‌లో ఒక్కో ట్రాక్ విడిగా పంపాలంటే ఎక్కడ నొక్కాలి?"

"ఎక్కడా లేదు. ఫోన్‌లో అది పెట్టలేదు. ఎవరికి కావాలి?"

"నాకు."

ఆయన లేసు వదిలేసి తలెత్తాడు. ఆమె నాటకం సంగతి, మధ్యాహ్నం గడువు, అన్నీ చెప్పింది.

"ఎందుకు పెట్టలేదండీ?"

"ఫోన్ తట్టుకోదు. ట్రాక్‌లన్నీ ఒకేసారి విడదీయాలంటే వేడెక్కిపోతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే పని సగంలో ఆగుతుంది. పైగా అంత చిన్న తెర మీద అన్ని బటన్లుంటే కొత్తవాళ్ళు బెదిరిపోతారు."

"అంతేనా?"

అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "అన్నీ ఇందులోనే ఇచ్చేస్తే పెద్దది ఎవరు కొంటారు? నిజంగా పనున్నవాళ్ళు ఎలాగూ కంప్యూటర్ ముందు కూర్చుంటారు కదా అనుకున్నాం."

"కూర్చుంటే ఏడ్చే పిల్ల ఉన్నవాళ్ళేం చెయ్యాలి? కంప్యూటర్‌కి రెండు చేతులు కావాలి. నాకు ఖాళీగా ఉండేది ఒక్కటే. దాంతోనే ఇన్నాళ్ళూ కష్టపడి చేశాను. ఇది కాలక్షేపమా?"

ఆయనకు ఆ పాత మాట గుర్తొచ్చింది. ముఖం చిన్నబోయింది.

అత్తగారు వంటగదిలోంచి వచ్చింది. "ఒరేయ్, ఊళ్ళోవాళ్ళకి ఏం కావాలో అన్నీ నీకు తెలుసు. ఇంట్లో మనిషి ఏం చేస్తోందో ఒక్కరోజైనా అడిగావా?" అని, కోడలి వైపు తిరిగి, "నువ్వూ తక్కువదానివి కాదు. కడుపులో దాచుకుంటే వాడికెలా తెలుస్తుంది?" అంది.

ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"ఆఫీసు కంప్యూటర్లో చిటికెలో పని. కానీ సొంత పనికి దాన్ని ముట్టుకోనివ్వరు. ఇంకో దారుంది. మిగతావన్నీ మ్యూట్ చేసి, ఒక్కో ట్రాక్‌నే పూర్తి పాటలా బయటికి తీద్దాం. విసుగు పని, కానీ అవుతుంది. పాపని ఇటివ్వు."

ఆమె చాలా రోజుల తర్వాత రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది.

వాన వచ్చింది. డోలు వచ్చింది. వేణువు దగ్గర ఫోన్ పెనంలా కాలి, యాప్ దానంతటదే మూసుకుపోయింది. తెరిచి చూస్తే పాట అలాగే ఉంది గానీ ఫోన్ ముట్టుకునేలా లేదు.

"వేడి సంగతి మీరు చెప్పింది నిజమేనండీ," అంది.

"నువ్వు చెప్పిందీ నిజమే," అన్నాడాయన.

అత్తగారు ఫోన్‌కున్న కవరు ఊడదీసి, బల్ల మీద పెట్టి, మడిచిన పేపరుతో విసరసాగింది. "ఇంట్లో ఒక పసిపిల్ల చాలదనా?" అని గొణిగింది. ముగ్గురూ నవ్వేశారు.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఆఫీసు మీటింగ్. ఫోన్ యాప్‌లో ట్రాక్‌లు విడిగా పంపే బటన్ పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చాలి. వద్దని వాదించాల్సింది ఆయనే. పాప నిద్రలోకి జారుతోంది, నడక ఆపితే లేస్తుంది. ఎడం భుజాన పాపతో, కుడిచేతిలో ఫోన్‌తో హాలుకీ వంటగదికీ మధ్య తిరుగుతూ, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఫోన్‌లో చేసేవాళ్ళది కాలక్షేపమని అన్నది నేనే సార్. తప్పుగా అన్నాను. వేడి సంగతి నిజం, కాదనను. ఒక్కోటే నెమ్మదిగా తీసేలా పెడదాం. ఆలస్యమైతే ఓర్చుకుంటారు, అసలు లేకపోతే ఏం చేస్తారు? పెద్దది కొనడం మానేస్తారేమో, నాకు తెలీదు. కంప్యూటర్ ముందు కూర్చునే వీల్లేనివాళ్ళ దగ్గర మాత్రం తలుపు మూసేశాం. నేను ఇప్పుడు ఒంటిచేత్తోనే మాట్లాడుతున్నాను సార్."

అవతలివాళ్ళు ఆలోచిద్దామన్నారు, అంతకుమించి ఏమీ తేల్చలేదు. ఆమెకు మాత్రం ఆ క్షణాన కడుపు నిండిపోయింది. ఇన్నాళ్ళూ తను దేనికోసం బెంగపడిందో అది బటన్ కాదని అప్పుడు అర్థమైంది.

ఫోన్ చల్లబడ్డాక వేణువూ వచ్చింది. అన్నీ దర్శకురాలికి చేరాయి. "ఇవే కావాల్సింది. ఈ నాటకానికి సంగీతం మీదే," అని జవాబొచ్చింది. ఆమె అది పైకి చదివి, అత్తగారి చేతులు రెండూ పట్టుకుంది.

"పొద్దుట్నుంచీ అన్నీ ముక్కలుగానే విన్నాను," అన్నాడాయన. "మొత్తం ఒకసారి వినిపిస్తావా?"

ఆమె పాట పెట్టింది. వాన మొదలైంది, దాని మీదకి డోలు, ఆ రెంటి మధ్యలోంచి వేణువు. ఆయన నడక మానేసి నిలబడిపోయాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఒక చెయ్యి పాప వీపు మీద ఉంది, రెండో చెయ్యి పెళ్ళాం భుజం మీద ఉంది.

"ఏడిస్తే ఏడువు గానీ నడుస్తూ ఏడువు నాయనా," అంది అత్తగారు. "పిల్ల లేస్తుంది."

ఆయన కళ్ళు తుడుచుకోకుండానే నడిచాడు. ఆమె కూడా ఆ పక్కనే నడిచింది, రెండు చేతులూ ఊపుకుంటూ.