ప్రొఫెసర్ గారి మూడో గుండీ

ఒక టీవీ సీరియల్లో ప్రొఫెసర్ గారికి వాన పిచ్చి. ఏ రెండు వానలూ ఒకేలా చప్పుడు చెయ్యవని ఆయన సిద్ధాంతం. పాఠం మధ్యలో కిటికీ దగ్గరకెళ్ళి చెవి ఒగ్గి నిలబడితే, క్లాసు మొత్తం ఇళ్ళకి వెళ్ళిపోయినా ఆయనకి పట్టదు. ఇలాంటి మనిషిని కోరి ప్రేమించేవాళ్ళుంటారా అంటారేమో. ఉంది ఒకమ్మాయి, ఆ సీరియల్‌కే కంటిన్యుటీ చూసేది.

ఒక షాటుకీ మరో షాటుకీ మధ్య ఎవరి కళ్ళజోడు ఎక్కడుంది, ఎవరి కప్పులో కాఫీ ఎంతుంది అన్నది ఫోటో తీసి రాసిపెట్టుకోవడం ఆమె పని. అంతా సరిగ్గా ఉంటే ఆమె ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. తేడా వస్తే మాత్రం చీవాట్లన్నీ ఆమెకే. సెట్లో అందరూ ఆమెని డేగకళ్ళు అనేవాళ్ళు.

ఆ డేగకళ్ళని ముప్పుతిప్పలు పెట్టేవాడు ఒక్కడే, ప్రొఫెసర్ వేషం వేసే నటుడు. మొదటి షాటులో శుభ్రంగా పెట్టుకున్న కోటు మూడో గుండీ రెండో షాటుకల్లా ఊడిపోయి ఉండేది. ఆమె విసుక్కుంటూ వెళ్ళి పెట్టేది. పెడుతున్నంతసేపూ అతను ప్రొఫెసర్ గొంతుతో ఏదో ఒకటి చెప్పేవాడు. ఇవాళ్టి వానకి తొందర లేదండీ, దారి తెలిసి కూడా చుట్టూ తిరిగి వస్తోంది అని ఒకరోజు. రేకుల మీద వాన కోతలు కోస్తుంది, ఆకుల మీద వాననే నమ్మాలి అని ఇంకోరోజు. ఆమె విసుగు మరిచిపోయి నవ్వేది. ఇంటికెళ్ళేటప్పుడు వాన పడుతుంటే బస్సు కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చుని, ఇది ఏ ఆకు మీద పడుతోందబ్బా అని వినేది.

వేషం తీసేస్తే మాత్రం అతను వేరే మనిషి. పలకరిస్తే తల ఊపి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు తప్పుకునేవాడు. అందుకే ఆమెకి గుండెల్లో గుబులు. శుక్రవారంతో ప్రొఫెసర్ పాత్ర అయిపోతోంది. ఎక్కడో దూరదేశపు వానలు వినడానికి వెళ్ళి ఇక తిరిగి రాడట. ఆయన పోతే ఆ మాటలూ పోతాయి. లేని మనిషిని ప్రేమించానే, ఇప్పుడు ఆ మాటలు ఎవరి దగ్గరకెళ్ళి అడగాలి అని లోలోపల కుమిలిపోయింది.

దానికి తోడు, ఆ వారమే ఒక షాటులో ఉన్న గుండీ మరో షాటులో లేకుండా టీవీలో వచ్చేసింది. డైరెక్టరు పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ దారి నువ్వు చూసుకో అన్నాడు.

శుక్రవారం ఆఖరి సీను. ఆమె గుండీ చూసింది, ఫోటో తీసింది, మానిటర్ వెనక్కి వచ్చి నిలబడింది. కెమెరా తిరగబోతుండగా అతని చెయ్యి మెల్లగా పైకి వెళ్ళి మూడో గుండీ విప్పేసింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. షాటు ఆపమని చెప్పి, అతన్ని సెట్టు గోడ వెనక్కి రమ్మంది.

“కావాలనే విప్పుతున్నారన్నమాట.”

అతను కళ్ళజోడు తీశాడు. “గుండీ సరిగ్గా ఉంటే మీరు నా దగ్గరకి రారు కదండీ.”

“దానివల్ల నా ఉద్యోగం పోయేలా ఉంది, తెలుసా?”

ఆ సంగతి అతనికి తెలియదు. తిన్నగా వెళ్ళి డైరెక్టరు ముందు నిలబడ్డాడు. యూనిట్ అంతా చూస్తుండగా చెమటలు కక్కుతూ, తడబడుతూ, టీవీలో వచ్చిన తప్పు తనదేననీ, ఆవిడ చూసి వెళ్ళాక తనే విప్పాననీ, తిడితే తనని తిట్టమనీ చెప్పాడు. ప్రొఫెసర్ గొంతు లేదు, ఆ ధీమా లేదు. అయినా ఆమె అతని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. డైరెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సర్లే, షాటుకి పదండి అన్నాడు.

సాయంత్రానికి గేటు దగ్గర వాన పట్టుకుంది. ఇది సెట్లో పైపులతో కురిపించే వాన కాదు, నిజం వాన. వేషం తీసేసిన నటుడు చూరు కింద ఒదిగి నిలబడ్డాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

“ప్రొఫెసర్ వెళ్ళిపోయాడండీ,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “ఇక నా దగ్గరేం లేదు. ఆ మాటలన్నీ రైటరు గారివి.”

“నేనూ అలాగే అనుకున్నాను. మధ్యాహ్నం కూర్చుని మొదటి ఎపిసోడ్ నుంచి స్క్రిప్టంతా తిరగేశాను. గుండీ పెట్టేటప్పుడు మీరు చెప్పినవాటిలో ఒక్క మాట కూడా అందులో లేదు.”

అతను దొరికిపోయిన దొంగలా నవ్వాడు. వేషం లేకుండా అతను నవ్వగా చూడటం ఆమెకి అదే మొదటిసారి. ఎంత బావున్నాడో అనుకుంది.

“ఇప్పుడు మీ గొంతుతో ఒకటి చెప్పండి,” అంది.

అతను చూరు బయటికి చెయ్యి చాపి వాన పట్టాడు.

“ఇది ఆగకపోతే బావుణ్ణు.”

“ఎందుకూ?”

“ఆగితే మీరు వెళ్ళిపోతారు.”

“ఆగినా వెళ్ళను,” అంది ఆమె.