ఇద్దరికి సరిపడే హీటర్

"మీ దగ్గర ఉన్న హీటర్లలో అన్నిటికంటే పెద్దది ఇవ్వండి," అంది ఆమె.

"ఇవ్వను," అన్నాను.

మా పరిచయం అలా మొదలైంది.

బయట మైనస్ ముప్పై. ఆమె ఒంటి మీద మూడు జాకెట్లు, మెడ చుట్టూ రెండు మఫ్లర్లు. వాటి మధ్య నుంచి రెండు నల్లటి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్లు నన్ను కాల్చేస్తున్నాయి. ఆ మాటకొస్తే ఆ పూట దుకాణంలో అంతకు మించిన వేడి ఇంకెక్కడా లేదు.

"మీరిక్కడ అమ్మడానికి కూర్చున్నారా, వద్దనడానికి కూర్చున్నారా?"

"ముందు మీ గుడారం ఎంతదో చెప్పండి."

"ఆసుపత్రిలో ఒకావిడ తన పాతది ఇచ్చింది. నా అంత ఎత్తు, నాకంటే కాస్త వెడల్పు. సరస్సు మీద వేసుకుని, మంచుకు బెజ్జం పెట్టుకుని, లోపల కూర్చుని చేపలు పట్టుకోమంది. మీ ఊళ్లో ఆదివారం చేయడానికి ఇంకేం లేదట కదా!"

"గుడ్డ ఒక్క పొరేనా, లోపల బొంత కుట్టి ఉందా?"

"బొంత ఉంది."

"ఎంతమంది కూర్చుంటారు?"

ఆమె మఫ్లర్ కిందికి లాగింది. "హీటర్ కొనాలంటే నా కుటుంబ వివరాలు కూడా చెప్పాలా?"

ఎర చేపల తొట్టి దగ్గర ఐలీ అత్త కిసుక్కున నవ్వింది. దుకాణం అత్తది. ఎర చేపలు, గాలాలు, ప్రొపేన్ గ్యాస్, దానితో వెలిగే హీటర్లు అమ్ముతాం. ప్రొపేన్ వైపు నేను చూసుకుంటాను. హీటర్ కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆ మూడు ప్రశ్నలూ అడుగుతాను. ఎవరూ అంతవరకు తప్పుపట్టలేదు.

"అలా కాదండీ. చిన్న గుడారంలో పెద్ద హీటర్ పెడితే లోపల ఉడికిపోతారు. చెమట పడుతుంది. బయటికి రాగానే ఆ చెమట ఒంటి మీదే గడ్డకడుతుంది. పైగా పెద్దది లోపలి గాలినంతా తినేస్తుంది. ఒక్కరైతే చిన్నది చాలు, ఇద్దరైతే..."

"ఒక్కరే," అంది ఆమె. తర్వాత కాస్త ఆగి, "ప్రస్తుతానికి," అని కలిపింది.

ఆ రెండో మాట నాకు వినిపించింది. వినిపించనట్టు ఊరుకున్నాను. మా వైపు మగవాళ్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య.

చిన్న హీటర్ కిందికి దించి అరగంట సేపు పాఠం చెప్పాను. ఇంత చలిలో చేతిలో పట్టే చిన్న సిలిండర్లు మొద్దుబారిపోతాయి, గ్యాస్ సరిగా రాదు. పెద్ద సిలిండర్ తీసుకుని గుడారం బయట పెట్టుకోవాలి. గొట్టం లోపలికి లాక్కోవాలి. గొట్టానికీ హీటర్‌కీ మధ్య ఫిల్టర్ తప్పనిసరి. లేకపోతే గొట్టంలోని నూనె వెళ్లి హీటర్‌ని పాడు చేస్తుంది. పైన గాలికి రెండు కిటికీలూ తెరిచి ఉంచాలి. విషవాయువును పసిగట్టే అలారం తల దగ్గర వేలాడదీయాలి.

"చేపలు పట్టడానికి వెళ్తున్నానా, చంద్రుడి మీదకా?"

"చంద్రుడి మీద గాలి ఆడదు. ఇక్కడ మీరు కిటికీ తీస్తే ఆడుతుంది."

ఆమె పకపకా నవ్వింది. నేను ఎవరినైనా అలా నవ్వించడం అదే మొదటిసారి కాబోలు, ఫిల్టర్ చేతిలోంచి జారి కింద పడింది.

ఆమె పేరు డెల్ఫీన్ బ్రూసార్. చలి ఎరగని దక్షిణాది లూసియానా నుంచి పదమూడు వారాల ఒప్పందం మీద మా ఊరి ఆసుపత్రికి వచ్చిన నర్సు. మిన్నెసోటాలో, అదీ ఉత్తరాన, జనవరిలో అడుగుపెట్టింది. నా పేరు ఆర్లన్ నియెమి. నేను అక్కడే పుట్టాను, అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత ప్రతి వారం ఏదో ఒక పని మీద వచ్చేది. ఒకసారి గొట్టం బిగించే రెంచి కోసం. ఒకసారి అలారం పనిచేస్తోందో లేదో చూడమని. దాని మీద ఒక్క మీట నొక్కితే అదే కూస్తుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇరవై నిమిషాలు పరీక్షించాం.

ఒక రోజు డబ్బాలో గంబో తెచ్చింది, వాళ్ల ఊరి చిక్కటి పులుసు. మూత తీయగానే దుకాణం నిండా రొయ్యలు, మిరియాల ఘుమఘుమ.

"మా అమ్మ చేసే పద్ధతి. తినండి."

"అయ్యో, వద్దులెండి."

"తినండి, చాలా ఉంది."

"లేదులెండి, మీకు తక్కువవుతుంది."

"సరే," అని మూత పెట్టి, డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగాక, 'మీరు అంతగా అంటున్నారు కాబట్టి' అని తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపితే ఆశపోతు అనుకుంటారు. పాలు తాగే వయసు నుంచీ మేం ఈ లెక్కలోనే పెరుగుతాం. ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పరు.

"మూడోసారి అడగలేదురా?" అంది అత్త.

"అడగలేదు."

"పాపం, ఆ పిల్లకు మన సంగతి తెలియదు. వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దనే. ఒరేయ్ ఆర్లన్, ఇంకోసారి మొదటి దెబ్బకే ఔనను."

"అంటాను," అన్నాను. నిజంగానే అనాలనుకున్నాను. ఇప్పటికీ నన్ను తినేసేది అదే. నాకు తెలియక చేసిన తప్పు కాదు అది.

తర్వాతి వారం ఆమె అడగడం మానేసి గిన్నె నా ముందు పెట్టింది. రెండు గిన్నెలు ఖాళీ చేశాను.

"ఎలా ఉంది?"

"మరీ అంత చెడ్డగా ఏం లేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. అత్త పరుగున వచ్చి, "అమ్మాయీ, వీడు మా అమ్మ చేతి వంటను కూడా ఇంతగా మెచ్చుకోలేదు. ఇలా రా," అని చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. తలుపు వెనక చాలాసేపు గుసగుసలు, నవ్వులు. బయటికి వచ్చాక డెల్ఫీన్ నన్ను ఒక రకంగా చూసింది, ఏదో చిక్కుముడి విప్పేసినట్టు. లోపల ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు. ఆ రోజు నుంచి మాత్రం నన్ను 'నువ్వు' అనడం మొదలుపెట్టింది.

మార్చి వచ్చింది. పదమూడు వారాలూ అయిపోవచ్చాయి. ఆసుపత్రి వాళ్లు ఇంకో ఏడాది ఉండమంటున్నారని, శుక్రవారం లోపు సంతకం పెట్టాలని అత్తతో చెబుతుంటే విన్నాను. ఉండిపో అని చెప్పడానికి అద్దం ముందు సాధన కూడా చేశాను. అద్దానికి బాగానే చెప్పాను.

గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు ఎండ కాస్తోంది. చూరు నుంచి మంచు కరిగి టపటపా నీళ్లు కారుతున్నాయి. చలికాలం మొత్తంలో మొదటిసారి ఆమె ఒక్క జాకెట్‌తో కనిపించింది.

"హీటర్ మార్చాలి. పెద్ద గుడారం దొరికింది. ఇప్పుడు అడుగు నీ ప్రశ్న."

"ఎంతమంది కూర్చుంటారు?"

"ఇద్దరు."

ఎవడా రెండోవాడు అని ఊరంతా మనసులో గాలించాను. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. మండే పలకలు రెండున్న హీటర్ దించాను. పాత గొట్టం, ఫిల్టర్ దీనికీ సరిపోతాయని చెప్పాను. మోకాళ్లకు రెండడుగుల దూరంలో పెట్టాలన్నాను. కిటికీలు ఇంకాస్త ఎక్కువ తెరవాలన్నాను.

"ఆ రెండో మనిషిని ఏ వైపు కూర్చోబెట్టను?"

"తలుపు వైపు. లేచి సిలిండర్ చూసి రావడానికి వీలుగా ఉంటుంది."

"అయితే శనివారం వచ్చి తలుపు వైపు కూర్చో, ఆర్లన్. ఆ రెండో మనిషివి నువ్వే."

ఔనని గొంతు దాకా వచ్చింది. ఈలోగా నోరు తన అలవాటు తను కానిచ్చేసింది.

"అయ్యో, వద్దులే. నీకెందుకు శ్రమ."

"శ్రమ కాదు. నువ్వు రావాలనే అడుగుతున్నాను."

"లేదులే... శనివారం దుకాణంలో రద్దీగా ఉంటుంది."

చెప్పేసి ఎదురుచూశాను. ఇక మూడోసారి అడగడమే తరువాయి. ఔను అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆమె నా కళ్లలోకి చూస్తూ నిలబడింది. చూరు నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సరే," అంది. హీటర్ పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. కారు కదలలేదు. ఇంజిన్ వేడెక్కిస్తోంది కాబోలు అనుకున్నాను. చలికాలంలో మేమందరం చేసే పనే అది. ఐదు నిమిషాల తర్వాత చప్పుడు దూరమైంది.

"ఒరేయ్, వెళ్లరా! పరిగెత్తు!" అని అత్త తొట్టి దగ్గర నుంచి అరుస్తూనే ఉంది.

"శనివారం వెళ్తాలే అత్తా," అన్నాను. "మూడోసారి పిలవకపోయినా వెళ్తాను."

శనివారం తెల్లారగానే గడ్డం గీసుకున్నాను. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని సరస్సు మీదికి వెళ్లాను. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట గుడారం లేదు. పాత బెజ్జం మీద పల్చటి మంచు పొర పట్టి ఉంది. పదింటి దాకా ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి గుడారం తలుపూ తట్టాను. పాపం, అందరూ నాకు కాఫీ ఇవ్వబోయారు. అందరికీ వద్దన్నాను.

దుకాణానికి వస్తే అత్త కౌంటర్ వెనక కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడే వచ్చి వెళ్లింది. కాగితం మీద సంతకం పెట్టలేదట. ఇటు నుంచి ఇటే వాళ్ల ఊరికి."

కౌంటర్ మీద హీటర్ పెట్టె ఉంది. సీలు కూడా తీయలేదు. మీద చిన్న చీటీ.

'ఒక్కరికి పాతదే సరిపోతుంది. దీన్ని ఇంకెవరికైనా అమ్ము.'

ఆమె నంబరు నా దగ్గర ఉంది. చేయలేదు. వెళ్లిపోయిన మనిషిని ఫోన్ చేసి ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నాను. మా వాళ్లం ఎవరినీ ఇబ్బంది పెట్టం. ఆ ఒక్క మర్యాద కోసం ఏదైనా వదులుకుంటాం. ఆ పెట్టెను పై అరలో పెట్టాను. ఎవరైనా చూపించి అడిగితే అమ్మకానికి కాదని చెప్పేవాణ్ణి.

మూడు చలికాలాలు గడిచాయి. నాలుగో ఏడు నవంబరులో ఒక రోజు ఫోన్ మోగింది.

"హీటర్ వెలగడం లేదండీ. పెద్ద సిలిండర్‌కి గొట్టం తగిలించాం. రెండు నిమిషాలు వెలిగి ఆరిపోతోంది."

ఆ గొంతు వెంటనే గుర్తుపట్టాను. "మధ్యలో ఫిల్టర్ ఉందా?"

"పెట్టమని ఒకాయన అరగంట చెప్పాడు. ఊడిపోతే మళ్లీ పెట్టలేదు."

"గొట్టంలో నూనె లోపలికి పోయింది. ఇక అది పనికిరాదు, డెల్ఫీన్."

"నాకూ అలాగే అనిపించింది, ఆర్లన్." ఇద్దరం నవ్వాం. "బాతుల వేటకు చిత్తడి నేలలో దాక్కుని కూర్చునే దడి ఒకటి కట్టుకున్నాం. తెల్లవారుజామున మాకూ చలే. కొత్తది ఏది కొనమంటావు?"

"ఎంతమంది కూర్చుంటారు?"

అలవాటుగా అడిగేశాను.

"ఇద్దరం. రెమీ, నేను. పోయిన మేలో పెళ్లయింది."

"మంచిది," అన్నాను. ఇంకేమైనా అనాలని వెతికాను. "మరీ అంత చెడ్డ వార్త కాదు."

ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక మెల్లిగా అంది. "నీతో ఒకటి చెప్పాలి. మీ ఊళ్లో మూడోసారి అడగాలని నాకు తెలుసు. గంబో రోజున మీ అత్త చెప్పింది."

"తెలిసి కూడా... ఎందుకు అడగలేదు?"

"రెండుసార్లు నేను అడిగాను కదా. మూడోది నువ్వు అడుగుతావేమో అనుకున్నాను. కారులో కూర్చుని ఐదు నిమిషాలు చూశాను."

ఆ రోజు ఎండ. చూరు కారుతోంది. ఇంజిన్ వేడెక్కించాల్సిన పని ఎవరికీ లేదు. అంతమాత్రం ఆలోచించని మనిషికి హీటర్లు అమ్మే అర్హత కూడా లేదేమో.

"నేను రావాలనుకున్నాను," అన్నాను. "శనివారం వచ్చాను కూడా. సరస్సంతా వెతికాను. నువ్వంటే నాకు ప్రాణం, డెల్ఫీన్. అప్పుడే చెప్పాల్సింది."

"ఔను," అంది ఆమె. "అప్పుడే చెప్పాల్సింది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను కళ్లు తుడుచుకుని పై అర వైపు చూశాను. "నీ పెట్టె ఇంకా ఇక్కడే ఉంది. సీలు తీయలేదు. ఫిల్టర్ కూడా కలిపి పంపిస్తాను."

"అయ్యో, వద్దులే ఆర్లన్."

"ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. తీసుకో."

"లేదులే, నీకెందుకు శ్రమ."

ఆమె ఆగింది. మా ఊరి వాళ్లు ఆగినట్టే ఆగింది. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"తీసుకో, డెల్ఫీన్," అన్నాను మూడోసారి.

"నువ్వు అంతగా అంటున్నావు కాబట్టి," అంది ఆమె.

ఫోన్ పెట్టేశాక నిచ్చెన వేసుకుని పెట్టె దించాను. మీద పేరుకున్న దుమ్ము తుడిచాను. పక్కన ఫిల్టర్లు రెండు పెట్టాను, ఒకటి మళ్లీ ఊడిపోతే ఉంటుందని.