ఆరు గంటల మొహం

చిన్నస్వామిని చంపినవాడు పోతూ పోతూ టీవీ మాత్రం కట్టేయలేదు.

హార్స్‌లీ కొండ మీద ఆ గెస్ట్ హౌస్ సంగతి నిఘా విభాగంలోనే కొద్దిమందికి తెలుసు. అక్కడ దాచిన మనిషిని ఎవరూ కనిపెట్టలేరని చీఫ్ గొప్పగా చెప్పేవాడు. చిన్నస్వామిని దాచిన మర్నాడే పాలు పోసేవాడి వేషంలో ఎవడో వచ్చి, ఒక్క గుండుతో పని ముగించుకుని, పాల క్యాను అక్కడే పెట్టి దర్జాగా కొండ దిగిపోయాడు.

ఏజెంట్ అర్షద్ అంత్యక్రియలకు ఊరికే తెలిసినవాడిలా వెళ్ళి వచ్చాడు. ఈ ఉద్యోగంలో అతనికి బాగా అలవాటైన వేషం అదే. చిన్నస్వామితో కలిసి ఎన్నో ఊళ్ళు తిరిగాడు, ఒకే పళ్ళెంలో తిన్నాడు. అయినా ఊరికే తెలిసినవాడు భోరున ఏడిస్తే నలుగురూ తిరిగి చూస్తారు. ఏడుపు మింగుకుని నేరుగా మదనపల్లె టమోటా మార్కెట్‌కి వచ్చాడు.

అక్కడ ఒక మండీ వెనక గదే విభాగం ఆఫీసు. బయట లారీల్లోకి క్రేట్లు ఎక్కిస్తున్నారు. అర్షద్ తలుపు తట్టాడు.

"నాటు కాయ ఉండాదా?"

"ఉండాది. పులుపే సచ్చింది," అని లోపలి నుంచి జవాబు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

చీఫ్ ప్రేమానందం రెండు రాత్రులుగా నిద్ర లేనట్టున్నాడు. కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టాడు.

"ముఠా పేరు ఆర్బిట్. హెడ్‌క్వార్టర్స్ సముద్రం అవతల. ఫోన్లు వాడరు, మెయిల్ వాడరు. ఆర్డర్లు ఎలా పంపుతారో చిన్నస్వామి కనుక్కున్నాడు. ఇదిగో."

బల్ల మీద బొటనవేలంత నల్లటి స్ట్రీమింగ్ స్టిక్ పెట్టాడు.

"టీవీ వెనక గుచ్చేదే కదా సార్?"

"అదే. ఊళ్ళో వాళ్ళు సీరియల్సు, క్రికెట్ చూసుకునేదే. కానీ కొన్ని స్టిక్కుల్లో లాక్ చేసిన ఛానల్ ఒకటి ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అందులో ఒక మొహం పడుతుంది. మూడు రాష్ట్రాల్లో ఉన్న వాళ్ళ హంతకులు దాన్ని ఒకేసారి చూస్తారు. ఎవడికి ముందు దొరికితే వాడు చంపుతాడు."

"చిన్నస్వామి మొహం..."

"పడింది. అది తెలియక కొండ మీద దాచాను. ఒకసారి మొహం పడ్డాక దాచడం అనేదే లేదు అర్షద్." చీఫ్ స్టిక్‌ని అర్షద్ వైపు తోశాడు. "ఈ స్టిక్ వాళ్ళ మనిషి దగ్గర చిన్నస్వామే కొట్టేశాడు. దూరం నుంచే వాళ్ళు దీన్ని తుడిచేశారు. యాక్టివేషన్ కోడ్ మాత్రం నాకు చెప్పగలిగాడు. మళ్ళీ సెటప్ చేసి, తర్వాత ఎవరి మొహమో చూడాలి."

"మా ఇంటి టీవీకే పక్కింటివాళ్ళు వచ్చి పెట్టాలి సార్."

"అందుకే పుంగనూరు పో. ముక్తియార్ అని టీవీ మెకానిక్, మన మనిషి. ఈ మూడు రాష్ట్రాల్లో అమ్మే ఆర్బిట్ స్టిక్కులన్నీ వాడి చేతి మీదుగానే పోతాయి. అక్కణ్ణుంచి కుప్పం. ప్రసారం జరిగేది అక్కడే, దాన్ని ఆపాలి. లోపల వాళ్ళ మనిషిలా మన ఏజెంట్ ఫ్లోరా ఉంది, తలుపు తీస్తుంది. ఈ పెన్ను ఉంచుకో, టియర్ గ్యాస్."

"పోయినసారి ఇచ్చింది పేలలేదు సార్."

"రాస్తుంది కదా," అన్నాడు చీఫ్.

*

మధ్యాహ్నానికి అర్షద్ స్టిక్కులు అమ్మే డీలరు వేషంలో, భుజాన సంచితో పుంగనూరులో దిగాడు. ముక్తియార్ షాపులో గోడ నిండా పాత టీవీలు. వాటి మధ్య మందపాటి కళ్ళద్దాల మనిషి సోల్డరింగ్ చేస్తున్నాడు.

"రిమోట్‌కి సెల్లు కావల్ల."

"సెల్లు ఉండాయి. టీవీనే లేదు." గుర్తు మాట చెప్పేసి ముక్తియార్ తలెత్తాడు. "రా భాయ్. చిన్నస్వామన్న సంగతి నిజమేనా?"

అర్షద్ తలూపాడు. ముక్తియార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, స్టిక్కును గోడ మీది టీవీకి గుచ్చాడు.

"ఈడ సూడు భాయ్. తెలీని తావు నుంచి వచ్చే యాప్‌ని ఇది లోపలికి రానీదు. రానీ అని సెట్టింగుల్లో మనమే చెప్పల్ల." అతని వేళ్ళు రిమోట్ మీద చకచకా కదిలాయి. డౌన్‌లోడ్ గీత నిండింది. ప్లేయర్ యాప్ తెరుచుకుంది, లోపల ఒక్క ఛానల్ కూడా లేదు. "యాప్‌లో తప్పేం లేదు. ఖాళీ గిన్నె. అందులో ఏం పోస్తే అదే. ఇప్పుడు వాళ్ళ ప్లేలిస్ట్ అడ్రస్ కొడతాండా. కోడ్ చెప్పు."

అర్షద్ చెప్పాడు. చక్రం తిరిగింది. ఛానళ్ళు వరదలా వచ్చి పడ్డాయి. అట్టడుగున తాళం బొమ్మతో ఒక ఛానల్ ఉంది. నొక్కితే నల్లటి తెర తప్ప ఏమీ లేదు.

"ప్రసారం ఇంకా మొదలు కాలేదు. ప్రోగ్రాం గైడ్ లోడ్ చేస్తే తర్వాత ఏమొస్తాదో తెలుస్తాది," అని ముక్తియార్ బటన్ నొక్కాడు.

గైడ్‌లో ఒకే ఒక్క గడి నిండి ఉంది. సాయంత్రం ఆరు, పుంగనూరు.

పుంగనూరులో విభాగానికి ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి రిమోట్‌ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

టీ గ్లాసులతో వెనక గదిలోంచి వచ్చిన సఫియా గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త వైపు, తెర వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది.

"అన్నా, చిన్నస్వామన్నని కూడా మీవోళ్ళే కదా దాసిపెట్టింది?"

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది. "ఈయన్ని దాసొద్దు. ఆ మొహం పడకుండా సెయ్యి. అదొక్కటే అడుగుతాండా."

ముక్తియార్ అకౌంట్ పేజీ తెరిచాడు. అనుమతించిన కనెక్షన్లు పన్నెండు. అంటే హంతకులందరికీ ఒకే కోడ్. మార్చాలంటే ప్రతివాడి ఇంటికీ పోయి మార్చాలి గనక చిన్నస్వామి కొట్టేసినా అలాగే వదిలేశారు. అది చూశాక మెకానిక్ మొహంలో కొంచెం రంగు వచ్చింది.

"మా కస్టమర్లతో నాకుండే తలనొప్పే ఇది భాయ్. ఒకడు కోడ్ తీసుకుంటే బావకీ, వియ్యంకుడికీ, చీటీ పాట వాళ్ళకీ పంచుతాడు. పెద్దతిప్పసముద్రంలో ఒక పెళ్ళింట్లో ఆడపిల్ల తరపు వాళ్ళంతా ఒకే కోడ్ ఏసుకున్న్యారు. ఒకేసారి అంతమంది పడితే సర్వరు ఊరుకోదు. లైను బయటికి పోయిందని అందర్నీ తోసేసి, కోడ్‌ని జన్మలో లేవకుండా పీకేస్తాది."

"అయితే ఇప్పుడే చేద్దాం!"

"ఛానల్ నడిచేటప్పుడే అది మనుషుల్ని లెక్కపెడతాది. ఆరుకి ముందు ఆన్ చేస్తే స్టిక్కులు మెనూలోకి పోయి కూసుంటాయి. ఆరు కొట్టినాకనే ఆన్ చెయ్యల్ల."

"ఆరు కొట్టగానే నీ మొహం పడుతుంది కదా."

"పంపేవాళ్ళకి పడతాది. హంతకులకి అప్పుడే కాదు." ముక్తియార్ మొదటిసారి నవ్వడానికి ప్రయత్నించాడు. "క్రికెట్ చూసేటప్పుడు చక్రం తిరిగితే జనం నన్ను తిడతారు. అందుకని నా చేతికొచ్చిన ప్రతి స్టిక్కులో బొమ్మని ముందే నింపిపెట్టుకునే బఫర్ పెద్దదిగా పెడతా. చక్రం తిరగదు గానీ బొమ్మ ముప్పావు నిమిషం లేటు. పక్కింట్లో సిక్సర్ అని అరిచినాక వీళ్ళకి బౌలర్ పరిగెత్తుతాడు. హంతకుల స్టిక్కులూ నా చేతి మీదుగానే పొయినాయి. అయితే స్టిక్కు నిద్ర లేసేదానికి కూడా దగ్గర దగ్గర అంతే పడతాది. ఏది ముందో అల్లాకే తెలియల్ల."

షాపులో ఉన్న స్టిక్కులన్నిటికీ అతను అదే కోడ్ కొట్టాడు. ఆన్ కాగానే చివరి ఛానల్ దానంతటదే వచ్చేలా పెట్టాడు. రిమోట్ తెలియని ముసలివాళ్ళకు అతను పెట్టిచ్చే పద్ధతి అది. అన్నిటినీ ఒక హాట్‌స్పాట్‌కి, ఒక పెద్ద పవర్ బ్యాంకుకి కలిపి, మంచం పక్కన వేలాడే బెడ్ స్విచ్ ఒకటి బిగించి అర్షద్ సంచిలో సర్దాడు.

"ఫ్లోరా మేడం ఆపేస్తే ఇది అక్కర్లేదు. ఆపకపోతే స్విచ్ నొక్కు. కాలితో నొక్కినా పడతాది."

"నువ్వు షాపు మూసి సఫియమ్మను తీసుకుని బయలుదేరు. మా జీపు వస్తుంది."

ముక్తియార్ సగం విప్పిన టీవీల వైపు చూశాడు. "ఇవన్నీ ఆదివారానికి ఇస్తానని చెప్పినానే," అన్నాడు. షట్టర్ దించేటప్పుడు సఫియా ఏడ్చింది. అతను ఏడవలేదు, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

*

కుప్పంలో ఒక కల్యాణ మండపం పైఅంతస్తులో వెడ్డింగ్ లైవ్ స్టూడియో ఉంది. కింద రిసెప్షన్ బ్యాండు మోగుతోంది. తలుపు ఫ్లోరాయే తీసింది. ముదురాకుపచ్చ పట్టుచీర, తీర్చిన కనుబొమలు, చేతిలో చిన్న పిస్తోలు.

"చాలా కష్టపడి వచ్చావు అర్షద్. కూర్చో."

అర్షద్ కూర్చున్నాడు. అతనికి ఆశ్చర్యం కూడా కలగలేదు. చిన్నస్వామి మొహం ఎవరు అమ్మారో ఇప్పుడు తెలిసింది, అంతే.

ఫ్లోరా అతని ఫోను, తుపాకీ, పెన్ను తీసుకుంది. "ఈ పెన్ను ఇంకా ఇస్తున్నారా!" అని నవ్వి, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగులతో చేతులు కుర్చీకి బిగించింది. సంచి తెరిచి చూసింది. స్టిక్కులు, వైర్లు. "డీలరు వేషం అచ్చంగా కుదిరింది," అంటూ సంచిని అతని కాళ్ళ పక్కనే పడేసింది.

"ఎందుకు ఫ్లోరా?"

"జీతం మీరూ ఇస్తారు, వాళ్ళూ ఇస్తారు. భయపెట్టేది వాళ్ళొక్కరే."

ఎదురుగా రెండు తెరలు. ఎడమది ప్రసారం పంపే మానిటర్. కుడివైపున, హంతకులకు ఎలా కనబడుతుందో సరిచూసుకోవడానికి స్టిక్కు గుచ్చిన టీవీ. ఆరు కొట్టింది. ఎడమ తెర మీద పుంగనూరు అనే అక్షరాలు పడ్డాయి. వెనకే ముక్తియార్ మొహం, మందపాటి కళ్ళద్దాలు, ఏ పెళ్ళిలోనో తీసిన ఫోటో. కుడి తెర నల్లగానే ఉంది.

"అక్కడ కాస్త లేటు. ఈ ఊళ్ళ నెట్ ఇంతే," అంది ఫ్లోరా.

అర్షద్ సంచి మీద మడమ ఆనించాడు. వైర్లు, మళ్ళీ వైర్లు. స్విచ్ ఎక్కడ? ముక్తియార్ మొహం ఎడమ తెర మీద వెలుగుతూనే ఉంది. గట్టి గుండ్రటి ముక్క ఒకటి తగిలింది. తొక్కాడు. టిక్కుమన్న చప్పుడు కింది బ్యాండులో కలిసిపోయింది.

ఇక చేసేదేమీ లేదు. స్టిక్కులు నిద్ర లేవాలి. అర్షద్‌కి ఏ ఆశా లేదు. ఈ విభాగంలో చేరినప్పటి నుంచీ అతను ఎవర్నీ కాపాడలేదు, ఊరికే తెలిసినవాడిలా వెళ్ళి రావడం తప్ప. సఫియా ముందు ఏ వేషంలో నిలబడాలో ఆలోచిస్తున్నాడు.

కుడి తెర కదిలింది. పుంగనూరు అని అక్షరాలు పడ్డాయి. అర్షద్ కళ్ళు మూసుకోబోయాడు. అక్షరాలు చెరిగాయి. తెల్లటి వెలుగు వచ్చింది. ఆ వెలుగులో మొహం రాలేదు. చక్రం ఒకటి వచ్చి తిరగడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక వాక్యం వచ్చింది. ఈ లైను పంచుకోబడింది, శాశ్వతంగా నిలిపివేయబడింది.

ఫ్లోరా ఒక్క గంతులో లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళింది. పాస్‌వర్డ్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. సముద్రం అవతల ఎవరో, ఊళ్ళవాళ్ళు చూసే సీరియల్సు, క్రికెట్‌తో సహా కుప్పం స్టేషన్ మొత్తాన్ని మూసేశారు. ఆమె సంచి తెరిచి, మినుకుమినుకుమంటున్న చిన్న లైట్లను చూసింది. బల్ల మీద ఆమె ఫోను మోగుతోంది. విదేశీ నంబరు.

ఆమె ఎత్తలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టింది.

"లైను నేనే బయటపెట్టానని అనుకుంటారు."

"అనుకుంటారు."

"ఇంకో స్టేషన్ నుంచి ఇంకో ఛానల్లో నా మొహం వేస్తారు." పౌడరు కింద ఆమె మొహం తెల్లబోయింది. కత్తెరతో అతని ట్యాగులు తెంచింది. "మీ విభాగం నన్ను దాచగలదా?"

అర్షద్ మణికట్లు రుద్దుకున్నాడు. జాలి పడాలో, కసి తీర్చుకోవాలో తెలియలేదు. "చిన్నస్వామిని దాచింది," అన్నాడు.

అయినా ఆమె అతని వెంట నడిచి వచ్చి విభాగం జీపెక్కింది.

*

నెల తర్వాత అర్షద్ పని మీద పోతూ పుంగనూరులో ఆగాడు. ముక్తియార్ షట్టర్ దించే ఉంది. ఎక్కడో పేరు చెప్పకూడని ఊళ్ళో, వేరే పేరుతో, అతను ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తున్నాడు. చీఫ్ ఫోన్ చేసినప్పుడల్లా అతను అడిగేది ఒక్కటే, తిరిగి ఎప్పుడు రావచ్చని.

ఎదురుగా పూలమ్మ టీ కొట్టు. బెంచీ మీద శంకరప్ప అనే పెద్దాయన షట్టర్ వైపు చూపించి పళ్ళు కొరికాడు.

"సూడప్పా, ఆకరి ఓవరు. రెండు బాల్సు ఉండాయి. సరిగ్గా అప్పుడే ఊర్లో టీవీలన్నీ ఆగిపోయి చక్రం తిరిగె. ఆ పొద్దే వాడు పెండ్లాన్ని తీసుకోని పరార్! యాడ దాంకోనుండాడో. ఆ మొహం ఒక్కసారి కనపడనీ, నా సేతిలోనే సస్తాడు."

"నువ్వొక్కడివేనా? ఊరంతా అదే మాట," అంది పూలమ్మ. "నా సీరియల్లో ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఈ పొద్దుటికీ తెలీలేదు."

వాడు దొంగ కాదమ్మా అని చెప్పాలని అర్షద్ నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పకూడదు. టీ చేదుగా దిగింది. జేబులో ఫోన్ మోగింది, చీఫ్.

"ఆ హంతకులు పన్నెండు మందీ దొరికారు అర్షద్. ఇక ముక్తియార్‌ని పుంగనూరు పంపేయొచ్చా?"

అర్షద్ శంకరప్ప పిడికిలి వైపు, పూలమ్మ చేతిలోని గరిటె వైపు చూశాడు.

"వద్దు సార్. ఆర్బిట్ నుంచైతే ఎలాగో కాపాడాం. కస్టమర్ల నుంచి మన వల్ల కాదు."