ఖాళీ గొలుసు

శవం గని బావి అడుగున ఉంది. యాభై మీటర్ల లోతు. తల వెనక దెబ్బ. పక్కన రక్తం అంటిన రాయి.

పోయినవాడు గని యజమానులిద్దరిలో చిన్నవాడు. ఆ సమయంలో పైన ఉన్నది అతని అన్న ఒక్కడే.

అన్న చెప్పిన కథ నున్నగా ఉంది. తమ్ముడు గోడల్లో పగుళ్లు చూడ్డానికి బెల్టు కట్టుకుని గొలుసు మీద దిగాడట. అడుగుకు చేరి కొక్కెం విప్పుకున్నాడట. తను ఖాళీ గొలుసును పైకి రప్పించాడట. అంతలో రాయి జారిందట.

ఫైర్ సిబ్బంది తమ సొంత తాళ్లతో దిగారు. కాబట్టి గొలుసును లాగే మోటారుకున్న మీటరులో అంకె చెదరలేదు. చివరి ట్రిప్పులో బరువు ఎత్తడానికి జరిగిన పనిని అది చూపిస్తుంది. కిలో బరువును ఒక మీటరు ఎత్తుకు లేపితే ఒక యూనిట్. మోటారు మీటరు చూపిన అంకె ఎనిమిది వేలు.

గని ఇంజనీరు ఆ అంకె చూసి పొంగిపోయాడు. అతను అన్నకు చిన్ననాటి స్నేహితుడు.

"గొలుసు నూట అరవై కిలోలు. లోతు యాభై. గుణిస్తే ఎనిమిది వేలు. గొలుసు ఖాళీగానే వచ్చింది మేడం. ఈ లెక్కకి పోలీసు ట్రైనింగ్ అక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ అతన్ని కాఫీలో పడ్డ ఈగను చూసినట్టు చూసింది. అందర్నీ ఆఫీసు గదిలోకి రమ్మంది. పోయినవాడి భార్య కూడా వచ్చి గోడవారగా నిలబడింది.

"గొలుసు సగం చుట్టుకున్నాక మోటారు మీద బరువెంత?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఎనభై," అన్నాడు ఇంజనీరు.

"మొత్తం చుట్టుకున్నాక?"

"సున్నా."

"మీటరు మీటరుకీ తగ్గే బరువుకి మొదటి అంకె పట్టుకుని గుణిస్తారా? దూరాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత బరువుందో దానికి తగ్గ పని కట్టి, అన్నీ కూడాలి. దాన్నే ఇంటిగ్రేషన్ అంటారు. కాలేజీలో మీరు చదివే ఉంటారు. కనీసం ఫీజు కట్టి ఉంటారు."

బోర్డు మీద రెండు వరుసలు రాసింది. ఖాళీ గొలుసుకైన పని నాలుగు వేలు. అంతే.

మిగతా నాలుగు వేలు దారి పొడవునా తగ్గని బరువుది. యాభైతో భాగిస్తే ఎనభై కిలోలు. గొలుసు చివర ఒక మనిషి వేలాడుతూ పైకొచ్చాడు. తమ్ముడు మాత్రం అడుగునే ఉన్నాడు.

మోటారు స్విచ్చు పైనే కాక ప్రతి బెల్టుకీ ఉంటుందనీ, ఒంటరిగా దిగి ఒంటరిగా ఎక్కొచ్చనీ ఆమె గుర్తుచేసింది. పగుళ్ల సంగతి గనుల అధికారులకి చెప్పి గని మూయిస్తానని తమ్ముడు పట్టుబట్టిన మాట పనివాళ్లందరికీ తెలుసంది.

"మీ బరువెంతో మీరు చెబుతారా, తూకం తెప్పించమంటారా?" అని అన్నను అడిగింది.

ఇంజనీరు మెల్లగా కుర్చీ జరుపుకుని స్నేహితుడికి దూరంగా కూర్చున్నాడు. అతనికి ఆ రోజు సరిగ్గా వచ్చిన లెక్క అదొక్కటే.

గోడవారగా ఉన్న తమ్ముడి భార్య ముందుకొచ్చింది. ఏడుపు లేదు.

"బావగారూ, మీరు దిగడం ఆయన చూశారా?"

అన్న నేలకేసి చూస్తూ జవాబిచ్చాడు.

"చూశాడమ్మా. నాకు చీకటంటే భయమని వాడికి తెలుసు కదా. కిందనుంచి టార్చి వేసి పట్టుకున్నాడు."